చిన్న గదికి రంగు లెక్క ఎందుకు తప్పుతుంది: లక్షణం, కారణం, పరిష్కారం

గదికి ఎంత రంగు పడుతుందో తేల్చడం మూడు మెట్ల లెక్క. గోడల వైశాల్యం తీయాలి, లీటరు రంగు ఎంత గోడకు వస్తుందో దానితో భాగించాలి, ఎన్ని కోట్లో చూసుకోవాలి. టేపుతో కొలిచేటప్పుడు జరిగే పొరపాటు మహా అయితే ఐదారు శాతం. రెండో మెట్టులో జరిగే పొరపాటు మాత్రం లెక్కను సగానికో, రెట్టింపుకో తీసుకుపోతుంది. అందుకే రంగు చాలకపోయినా, డబ్బాలు మిగిలిపోయినా ముందు భాగించిన అంకెను అనుమానించండి, ఆ తర్వాత టేపు తీయండి.

తప్పు పట్టుకోవాలంటే ఎదురుగా ఒక ఒప్పు లెక్క ఉండాలి. గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు తొమ్మిదిన్నర అనుకుందాం. నాలుగు గోడల చుట్టుకొలత 44 అడుగులు. ఎత్తుతో హెచ్చిస్తే 418 చదరపు అడుగులు. 3 × 7 అడుగుల తలుపు ఒకటి, 4 × 4 అడుగుల కిటికీ ఒకటి తీసేస్తే 381. కిటికీ లోపలి అంచులకూ రంగు వేస్తారు కాబట్టి ఒక ఐదు కలిపి 386. ప్రైమర్ (పైరంగుకు ముందు వేసే అడుగు పూత) వేసిన గోడ మీద మొదటి కోటుకు లీటరుకు 100 చదరపు అడుగులు, రెండో కోటుకు 120 వేసుకుంటే 3.9, 3.2 లీటర్లు అవుతాయి. మొత్తం 7.1. రోలర్‌లో, ట్రేలో నిలిచిపోయేదానికీ, తర్వాత మరకల మీద దిద్దుకోవడానికీ పది శాతం కలిపితే 7.8. అంటే 4 లీటర్ల డబ్బాలు రెండు. సీలింగ్ 120 చదరపు అడుగులు. దానికి ఇదే లెక్కన రెండు కోట్లకు దాదాపు రెండున్నర లీటర్లు వేరుగా పడుతుంది. సీలింగ్‌కు వేరే రంగు అయితే ఆ లెక్కను గోడల లెక్కలో కలపకండి.

నాలుగు లీటర్లు చాలాలి, కానీ ఒక్క కోటుకే అయిపోయింది

డబ్బా మీద రాసిన విస్తీర్ణం ఒక కోటుకా, రెండు కోట్లకా అన్నది చూడకపోవడమే దీనికి ఎక్కువసార్లు కారణం. 'లీటరుకు 110 చదరపు అడుగులు' అని ఉంటే అది ఒక కోటు మాట కావచ్చు. 386ను 110తో భాగించి మూడున్నర వచ్చిందని 4 లీటర్లు తెచ్చుకుంటే రెండో కోటుకు అర లీటరు మిగులుతుంది. దీనికి తిరగబడిన తప్పూ ఉంది. డబ్బా మీద రెండు కోట్లకు కలిపి 60 అని రాసి ఉంటుంది. 386ను 60తో భాగిస్తే వచ్చే 6.4 లీటర్లే పూర్తి లెక్క. దాన్ని మళ్లీ రెండుతో హెచ్చించిన వాళ్లకు ఆరు లీటర్ల పైన మిగిలిపోతుంది.

ఏ కోటుకో రాయకపోతే ఎలా? ఒక లీటరు రంగును 10 చదరపు మీటర్ల మేర, అంటే సుమారు 108 చదరపు అడుగులు, సమంగా పరిస్తే తడి పొర మందం సరిగ్గా 100 మైక్రాన్లు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఎమల్షన్‌లో (నీళ్లతో కలిపే గోడ రంగులో) ఎండాక మిగిలే ఘనభాగం 35 శాతం అనుకుంటే ఎండిన పొర 35 మైక్రాన్లు. గోడను కప్పడానికి ఒక కోటుకు ఇది సబబైన మందం. లీటరుకు 200 చదరపు అడుగులు లాగితే తడి పొర 54 మైక్రాన్లకు, ఎండిన పొర 19కి పడిపోతుంది. అది కింది రంగును దాచలేదు. కాబట్టి డబ్బా మీద 90 నుంచి 130 మధ్య కనిపిస్తే ఒక కోటుగా, 50 నుంచి 65 మధ్య కనిపిస్తే రెండు కోట్లుగా తీసుకోవడం క్షేమం. 130 కంటే బాగా ఎక్కువ రాసి ఉంటే అది లప్పం పట్టి అద్దంలా తీర్చిన గోడ మీద వచ్చిన అంకె అయి ఉండవచ్చు. మీ గోడ అలా లేకపోతే దాన్ని నమ్ముకుని డబ్బాలు కొనకండి.

డబ్బా అంకె సరిగానే వాడాం, అయినా మొదటి కోటు రెట్టింపు తాగింది

గోడ రంగును పీల్చేస్తోంది. కొత్త ప్లాస్టరు, ప్రైమర్ వేయని లప్పం, సున్నం వేసిన పాత గోడ మూడింటిదీ ఒకటే గుణం. పరీక్ష తేలిక. గోడ మీద నీళ్లు చిలకరించండి. చుక్కలు జారకుండా క్షణాల్లో ఇంకిపోయి అక్కడ గోడ నల్లబడితే ప్రైమర్ తప్పనిసరి. అరచేత్తో రుద్ది చూడండి. తెల్లటి పొడి అంటుకుంటే ముందు గీకి, దులిపి, ఆ తర్వాతే ప్రైమర్. పొడి మీద వేసిన రంగు కొన్నాళ్లకు పొరగా లేచి వస్తుంది, అది ఎన్ని లీటర్లు పోసినా ఆగదు.

ప్రైమర్‌ను వేరే పద్దుగా రాసుకోండి. మన గదికి ఒక కోటుకు 4 లీటర్లు అవుతుంది. దాన్ని మిగల్చాలని ఆ పని పైరంగుతోనే కానిచ్చేస్తే ఖర్చు తగ్గదు, పెరుగుతుంది. ప్రైమర్ తాగాల్సినంతా ఖరీదైన రంగు తాగుతుంది, పైగా మెరుపు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా మచ్చలు పడుతుంది.

గరుకు గోడ సంగతి వేరు. అది పీల్చకపోయినా దాని నిజమైన వైశాల్యం టేపు చెప్పేదానికంటే ఎక్కువ, ఎందుకంటే ప్రతి గుంటకూ, ప్రతి గుట్టకూ రంగు అంటాలి. ఇసుక రవ్వ తేలిన గోడకు 15 నుంచి 25 శాతం కలపండి. ముద్దలు ముద్దలుగా ఉన్న టెక్స్చర్‌కు ఏ శాతమూ నమ్మకంగా చెప్పలేం, కొలవడమే మేలు. అర లీటరు కొలిచి వేరే డబ్బాలో పోసుకోండి. రోలర్‌ను ముందే, ఈ అర లీటరులోంచి కాకుండా, అదే రంగు మరికొంతతో తడిపి పిండి ఉంచండి, లేకపోతే రోలర్ తాగినదీ గోడ లెక్కలోకి వస్తుంది. ఒక మూల నుంచి మొదలుపెట్టి అర లీటరు అయ్యేదాకా వేసి, ఎంత మేర వచ్చిందో కొలవండి. 40 చదరపు అడుగులు వస్తే మీ గోడకు లీటరు 80. డబ్బా ఏం చెప్పినా ఇక ఈ అంకెతోనే భాగించండి.

మూడో కోటు వేసినా కింది రంగు తొంగిచూస్తోంది

లీటర్లు సరిపోవాలి, కోట్లు సరిపోలేదు. తెలుపుకూ లేత రంగులకూ దాచే శక్తినిచ్చేది టైటానియం డయాక్సైడ్. ముదురు ఎరుపు, నిమ్మపసుపు, నారింజ లాంటి వాటిని కలపడానికి వాడే బేస్‌లో (షేడ్ కలపకముందు డబ్బాలో ఉండే మూల రంగులో) అది చాలా తక్కువగా గానీ, అసలు లేకుండా గానీ ఉంటుంది. ఉంటే రంగు వెలిసినట్టు అవుతుంది కదా. అందువల్ల ఆ రంగులు కొంత పారదర్శకంగానే ఉంటాయి. తెల్ల గోడ మీద నిండు ఎరుపు వేస్తే రెండు కోట్ల లెక్క మూడు, నాలుగుకు పోతుంది. మన గదిలో అదనపు కోటు ఒక్కోదానికి మూడు లీటర్ల పైనే.

దీనికి మందు ప్రైమర్‌లోనే ఉంది. ఎరుపుకు, ముదురు నీలానికి బూడిద రంగు కలిపిన ప్రైమర్ వేయించుకుంటే సాధారణంగా రెండు కోట్లకు పని తెగుతుంది. ముదురు గోడను లేత రంగుకు మార్చేటప్పుడు తెల్ల ప్రైమర్ ఒక కోటు వేయండి. ఇంకో మాట: షేడ్ కలిపే బేస్ డబ్బాలను తర్వాత పోసే షేడ్ ద్రవానికి చోటు వదిలి, కాస్త వెలితిగా నింపుతారు. డబ్బా సైజు చూసి లెక్క వేయకుండా, బేస్ ఎన్ని లీటర్లని రాసి ఉందో చదవండి.

నీళ్లు కలిపాక రంగు పెరిగింది కానీ గోడ గీతలు గీతలుగా ఉంది

నీళ్లు కలిపితే పరిమాణం పెరుగుతుంది, ఘనభాగం పెరగదు. 35 శాతం ఉన్న లీటరు రంగులో పావు లీటరు నీళ్లు పోస్తే అది 28 శాతానికి దిగుతుంది. ఎక్కువ గోడ వచ్చినట్టు కనిపించినా పొర పలచబడి ఇంకో కోటు అడుగుతుంది. కంపెనీ చెప్పిన మేరకే, కొలత గ్లాసుతో పోయండి. డబ్బా మీది విస్తీర్ణాన్ని నీళ్లు కలపని లీటరుకే వర్తింపజేయండి, కలిపాక వచ్చిన మొత్తానికి కాదు.

అంకెలే అసహజంగా వస్తున్నాయి

యూనిట్లు చూడండి. డబ్బా మీద చదరపు మీటర్లు, మీ చేతిలో అడుగుల టేపు అయితే 3.28తో హెచ్చించకండి, అది పొడవు కొలతకు. చదరపు మీటరుకు 10.76 చదరపు అడుగులు. ఇక్కడ తప్పితే కావలసినదానికి మూడు రెట్లు కొంటారు. 9 అడుగుల 6 అంగుళాలను 9.6 అని రాయడం ఇంకో అలవాటు, అది 9.5. 10 అడుగుల 3 అంగుళాలు 10.25.

పెద్ద గదికి కుదిరిన లెక్క చిన్న గదికి చాల్లేదు

నేల వైశాల్యాన్ని మూడున్నరతో హెచ్చిస్తే గోడల వైశాల్యం వస్తుందని పనివాళ్లలో ఒక మాట నడుస్తుంది. మన 12 × 10 గదికి అది చక్కగా కుదురుతుంది: 120కి 420, అసలు 418. అదే సూత్రం 8 × 6 గదికి వేస్తే 168 వస్తుంది. నిజానికి గోడలు 266. అంటే మూడో వంతు పైగా తక్కువ. 20 × 20 హాలుకు 1,400 చూపిస్తుంది, ఉన్నది 760. గది చిన్నదయ్యేకొద్దీ నేలతో పోలిస్తే గోడ పెరుగుతుంది. స్టోర్ గదికి, స్నానాల గదికి ఈ సూత్రం పక్కన పెట్టి చుట్టుకొలతతోనే వేయండి.

తలుపులు, కిటికీలు తీసేసే విషయంలో మరీ పట్టింపు అక్కర్లేదు. చిన్న వెంటిలేటర్‌ను తీసేయకండి, దాని అంచులకే అంత రంగు పోతుంది. గోడలో బిగించిన అల్మారా గోడంతా ఆక్రమించి ఉంటే తీసేయండి. దూలం కిందికి దిగి ఉంటే దాని రెండు పక్కలూ, అడుగుభాగమూ కలపడం మరవకండి. సజ్జకు అడుగు, అటకకు లోపలి గోడ కూడా అంతే.

చివరి గోడ సగంలో రంగు అయిపోయింది, కొత్త డబ్బా తేడాగా ఉంది

ఒకే షేడ్ నంబర్ అయినా వేర్వేరు సార్లు కలిపిన డబ్బాల మధ్య రవ్వంత తేడా వస్తుంది. గోడ మధ్యలో అది పట్టి చూపిస్తుంది, మూలలో దాగిపోతుంది. ఉన్న డబ్బాలన్నీ మొదలుపెట్టే ముందే ఒక పెద్ద బకెట్లో పోసి కలిపేయండి. తక్కువ పడుతుందని అనిపిస్తే పాత రంగు ఒక లీటరు ఉండగానే కొత్తది తెచ్చి రెండూ కలపండి. అప్పటికే అయిపోయి ఉంటే గోడ మధ్యలో అతుకు వేయకుండా, ఆ గోడను మూల నుంచి మూల దాకా కొత్త డబ్బాతో మళ్లీ వేయండి. అందుకే షేడ్ కోడ్, బేస్ పేరు, బ్యాచ్ నంబర్ ఉన్న చీటీని ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోవాలి.

రెండు లీటర్లు మిగిలిపోయింది

ముందు కోట్లు సరిగా పడ్డాయో లేదో చూడండి, తక్కువ మందంగా లాగేసి ఉంటే మిగలడం సహజం. దీపం పక్క నుంచి వేసి చూస్తే పలచటి చోట్లు తెలుస్తాయి. అక్కడ ఏమీ లేకపోతే మిగిలినదాన్ని పెద్ద డబ్బాలో వదలకండి. పైన గాలి ఎంత ఎక్కువ ఉంటే పొర అంత త్వరగా కడుతుంది. నిండుగా పట్టే చిన్న సీసాలోకి మార్చి, నోటి మీద పలచటి ప్లాస్టిక్ పరిచి మూత బిగించండి. తేదీ, గది పేరు, షేడ్ కోడ్ సీసా మీదే రాయండి. తెరిచినప్పుడు కుళ్లిన వాసన వస్తే, కలిపినా గడ్డలు కరగకపోతే దాన్ని గోడకు వాడకండి.