పులికంప తీయడానికి అడవిలోకి వెళ్లే ముందు

వానలు పడి నేల మెత్తబడితే లాంటానా వేరు సులువుగా వస్తుంది. మన దగ్గర చాలామంది పులికంప అనే ఈ మొక్క నల్లమలలో గడ్డిని ఎదగనివ్వదు. గడ్డి పోతే దుప్పులకు మేత పోయినట్టే. అందుకే ఈ పని చేయాల్సిందే. కానీ పాములు, తేళ్లు బాగా తిరిగే రోజులు కూడా ఇవే.

ముందు అనుమతి. అమ్రాబాద్ అయినా, నాగార్జునసాగర్–శ్రీశైలం అయినా ఇవి పులుల అభయారణ్యాలు, మంచి పనే కదా అని సొంతంగా కత్తి పట్టుకుని వెళ్లకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. అటవీ సిబ్బందితోనే వెళ్లండి. చెంచు వాచర్ తోడుంటే ఆయన ఆగమన్న చోట ఆగిపోండి, కారణం తర్వాత అడగవచ్చు.

నాకు అన్నిటికన్నా భయం ఎలుగుబంటి గురించే. పైకి దట్టంగా కనిపించే ఈ పొద లోపల చాలాసార్లు ఖాళీగా, చల్లగా ఉంటుంది. పగలు ఎలుగు అక్కడే పడుకుంటుంది. దాని చూపు అంతంతమాత్రం. మనిషి హఠాత్తుగా ఎదురైతే మీద పడుతుంది, పిల్లలున్న తల్లయితే మరీ ప్రమాదం. కాబట్టి బాగా తెల్లవారాకే మొదలుపెట్టండి, పొద్దు వాలకముందే వచ్చేయండి. గట్టిగా మాట్లాడుకుంటూ, కంపను కర్రతో తడుతూ ఒకే వైపు నుంచి కదలండి. నాలుగు వైపులా చుట్టుముడితే లోపలున్న జంతువుకు దారి ఉండదు.

చెయ్యి పెట్టే ముందు కర్ర పెట్టండి. మోకాళ్ల దాకా బూట్లు, తోలు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. పాము కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం వద్దు. కాలు కదపకుండా మోసుకెళ్లాలి. విరుగుడు ఇంజెక్షన్ ఏ ఆసుపత్రిలో ఉందో ముందు రోజే కనుక్కోండి. లోపల సిగ్నల్ దొరకదు, బండి సిద్ధంగా ఉంచుకోండి.

పని అయ్యాక బట్టలు మార్చుకుని స్నానం చేయండి. ఒకటి రెండు వారాల్లో జ్వరం వచ్చినా, ఒంటి మీద నల్లటి పెచ్చు కనిపించినా డాక్టర్‌కు అడవికి వెళ్లిన సంగతి చెప్పండి. పొదల్లో ఉండే చిన్న నల్లి పురుగులు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కావచ్చు. త్వరగా గుర్తిస్తే మందులతో తగ్గిపోతుంది.

ఇక తీసే పద్ధతి. కొడవలితో పైపైన నరికితే మొదలు నుంచి మళ్లీ పిలకలేస్తుంది, ముందుకన్నా గుబురుగా. గడ్డపారతో నేలకు 3 నుంచి 5 సెంటీమీటర్ల లోపల తల్లివేరు తెంచి, పొదను తలకిందులుగా పడేయండి. కాండం తడి నేలకు తగిలితే అక్కడా వేళ్లు పట్టేస్తుంది. కాయలు పండకముందే ఈ పని ముగించాలి, పండిన కొమ్మల్ని దారి పొడవునా ఈడ్చకండి. తీసిన కంపను పశువులకు వేయకూడదు, కాలేయం చెడిపోతుంది.

ఖాళీ అయిన చోట వెంటనే స్థానిక గడ్డి విత్తనం చల్లించండి, లేకపోతే వయ్యారిభామ వచ్చేస్తుంది. తర్వాతి వానాకాలాల్లో పెద్ద చెట్ల కింద ముందు వెతకండి. కాయలు తిన్న పిట్టలు కొమ్మల మీద వాలి రెట్ట వేసేది అక్కడే. ఆ మొలకలు చిన్నవిగా ఉన్నప్పుడు చేత్తో లాగితే వస్తాయి.