దూరదేశాల రేడియో బీకన్లు వినాలంటే

కావలి, అల్లూరు వైపు ఉండేవాళ్లకి ముందే చెప్తున్నా, రొయ్యల చెరువుల మోటార్ల పక్కన కూర్చుని షార్ట్‌వేవ్ వినాలంటే గరగరతో చెవులు చిల్లులు పడతాయి, కాస్త దూరంగా ఉన్న మిద్దె ఏదైనా చూసుకోండి. ఐదేసి మీటర్ల రాగి తీగలు రెండు, మధ్యలోంచి కోయాక్స్ కేబుల్ (కేబుల్ టీవీ వైరు లాంటిది), కరెంటు లైన్లకి బాగా ఎడంగా కట్టండి, అంతే యాంటెన్నా.

రేడియోని సీడబ్ల్యూ (మోర్స్ కోడ్ వినే) మోడ్‌లో 14.100 మెగాహెర్ట్జ్ మీద పెట్టండి. యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్) మోడ్ మాత్రమే ఉంటే ఒక కిలోహెర్ట్జ్ తగ్గించండి. ప్రపంచం మొత్తంలో 18 బీకన్లు (తరంగాలు ఎంతదూరం చేరుతున్నాయో తెలిసేలా సిగ్నల్ పంపే స్టేషన్లు) ఇక్కడే వంతులవారీగా పదేసి సెకన్లు పలుకుతాయి, 3 నిమిషాలకి మళ్లీ మొదటికి. ముందు మోర్స్‌లో కాల్‌సైన్ (ఆ స్టేషన్ గుర్తింపు పేరు), వెంటనే సెకను పొడవున నాలుగు గీతలు (సాగే బీప్‌లు): మొదటిది 100 వాట్లు, తర్వాత 10, 1, ఆఖరిది 0.1 వాట్. ఆ ఆఖరిది కూడా చెవిన పడిందంటే మీ పంట పండినట్టే!

మోర్స్ రాదా? టెన్షన్ వద్దు, ఫోన్‌లో టైమ్ సెకన్లతో సహా కరెక్టుగా ఉంటే చాలు. గంట కొట్టినప్పటి నుంచి నిమిషాలు:సెకన్లలో లెక్కేసుకుంటే 0:50కి ఆస్ట్రేలియా, 1:00కి జపాన్, 1:30కి శ్రీలంక, 1:50కి కెన్యా. శ్రీలంక పక్కనే కదా, గట్టిగా వస్తుందనుకోకండి, ఒక్కోసారి దాని తరంగాలు మన నెత్తి మీదుగా వెళ్లి ఎక్కడో దూరంగా దిగుతాయి.

పట్టపగలు 28.200 మెగాహెర్ట్జ్ కూడా తిప్పి చూడండి, అక్కడ ఇవే వంతులు 40 సెకన్లు ఆలస్యంగా వస్తాయి. ఏదైనా బీకన్ అస్సలు పలకకపోతే యాంటెన్నాని తిట్టకండి, అది రిపేర్లో ఉండొచ్చు.