పెద్దవాళ్ల పింఛను పని మీద గ్రామ, వార్డు సచివాలయానికి వెళ్లే ముందు

ముందు ఆధార్ కార్డు తీసి పుట్టిన తేదీ చూడండి. ఆంధ్రాలో వృద్ధాప్య పింఛనుకు మామూలుగా 60 ఏళ్లు నిండాలి. తిరుపతిలో ఉండే మా అవ్వ కార్డులో వయసు తక్కువ పడింది. అది దిద్దించుకోవడానికే నెలలు పట్టింది.

రైస్ కార్డులో (రేషన్ కార్డులో) పెద్దావిడ పేరు ఏ కొడుకు ఇంట్లో ఉందో చూసుకోండి. ఆ ఇంటి ఆదాయం, కరెంటు వాడకం కూడా లెక్కలోకి వస్తాయి.

వేలిముద్రల సంగతి తేలిగ్గా తీసుకోకండి. అవ్వవి జీవితమంతా వేరుశనగ చేలల్లో కలుపు తీసిన చేతులు. గీతలు అరిగిపోయి మిషన్ మీద ఎంత నొక్కినా ఎర్ర లైటే. పాపం, తప్పు తనదే అన్నట్టు చెయ్యి చీర కొంగుకు తుడుచుకుంటూనే ఉంది. చేతులు కడిగి, బాగా తుడిచి తీసుకెళ్లండి. అయినా పడకపోతే కంటిపాప గానీ ముఖం గానీ తీయమని గట్టిగా అడగండి.

పక్షవాతం లాంటి వాటితో పూర్తిగా మంచం పట్టినవాళ్లకు నెలకు 15,000 రూపాయల పింఛను వేరే ఉంది. మామూలు వృద్ధాప్య పింఛను 4,000. మంచం పట్టినవాళ్ల పింఛనుకు వయసుతో పని లేదు, ప్రభుత్వ డాక్టర్ల సర్టిఫికెట్ కావాలి. పాత ఆసుపత్రి కాగితాలన్నీ ఒకే సంచిలో పెట్టండి.

పింఛను డబ్బులు సచివాలయం సిబ్బందే ఇంటికొచ్చి ఇస్తారు. మధ్యలో ఎవరైనా డబ్బులడిగినా, ఫోన్‌లో ఓటీపీ అడిగినా ఇవ్వొద్దని పెద్దవాళ్లకు ముందే చెప్పండి.

70 నిండితే ఉచిత వైద్యానికి ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా అడగండి. ఏ దారీ తోచకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.