పాత కారు కింద లొడలొడ వస్తోందా? షాకబ్జర్లు మార్చే ముందు ఇది చూడండి

ముందు డిక్కీ ఖాళీ చేయండి. నవ్వకండి, మా పన్నెండేళ్ల కారులో రెండు వారాలు టెన్షన్ పెట్టిన సౌండ్ చివరికి స్టెప్నీ కింద వదులుగా పడున్న జాకీది.

అది కాకపోతే, గతుకుల మీద నెమ్మదిగా వెళ్తూ బ్రేక్ మీద కాలు కొంచెం ఆనించండి, సౌండ్ ఆగిపోతే అది సస్పెన్షన్ కాకుండా బ్రేక్ ప్యాడ్లదో, క్యాలిపర్‌దో (ప్యాడ్లని నొక్కే భాగం) అయ్యే అవకాశం ఎక్కువ. చిన్న చిన్న గతుకులకే టకటకమంటే నా అనుమానం ముందు స్టెబిలైజర్ లింక్ (స్టెబిలైజర్ బార్‌ని సస్పెన్షన్‌కి కలిపే సన్నటి రాడ్డు) మీదకే పోతుంది. దీన్ని పట్టుకోవడం తేలిక: బండి చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి, చక్రం వెనకాల చెయ్యి పెట్టి ఆ సన్నటి రాడ్డుని గట్టిగా ఊపండి, చివర్లో ఉన్న జాయింట్ టక్కుమని ఆడితే దొంగ దొరికినట్టే. జాకీ మీద ఉన్న బండి కిందకి మాత్రం దూరొద్దు.

బ్రేక్ వేసినప్పుడు ఒక్కసారి 'ధబ్' మంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే భాగం) రబ్బరు బుష్షులు, బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే 'టంగ్' మంటే పైన స్ట్రట్ మౌంట్ (ముందు షాకబ్జర్ పైభాగాన్ని బాడీకి పట్టి ఉంచేది) చూడమని మెకానిక్‌కి చెప్పండి.

లింకులు రెండు వైపులా కలిపే మార్చండి. ఆర్మ్ బుష్షులు మారిస్తే, బండి చక్రాల మీద నిలబడ్డాకే ఆ బోల్టులు ఫైనల్‌గా బిగించమని మెకానిక్‌కి చెప్పండి, గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలి తిరిగి తొందరగా చిరుగుతుంది.