పెళ్లిలో వండిన అన్నం చెత్తబండి ఎక్కకుండా ఉండాలంటే

రాత్రి పదకొండున్నర. ఫంక్షన్ హాలు వెనక మూడు డేక్సాల అన్నం, సగం గుండిగ సాంబారు, ఎవరూ ముట్టుకోని గుత్తి వంకాయ. మా చెల్లి పెళ్లి రోజు సంగతి ఇది. మేం చెప్పింది 900 ప్లేట్లు, తిన్నది 600 చిల్లర. అప్పుడు మొదలెట్టాం, ఎవరికైనా ఇచ్చేద్దామని ఫోన్లు. ఆ టైంలో ఎవరొస్తారు? తెల్లారేసరికి సాంబారు నురగలు కక్కుతోంది, అన్నం జిగురెక్కింది, అంతా మున్సిపాలిటీ బండిలోకి పోయింది. ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన రెండు పెళ్లిళ్లకి భోజనాల పని నేనే చూసుకున్నా. తెలిసింది ఏంటంటే, ఎంత పారేస్తామో వంట మొదలవకముందే తేలిపోతుంది.

అసలు తప్పంతా లెక్కలో ఉంది. పంచిన శుభలేఖల్ని నాలుగుతో హెచ్చవేసి కేటరర్‌కి చెప్పేస్తాం. అలా కాదు, ముందు క్యాలెండర్ చూడండి. మూఢం పోయాక వచ్చే మొదటి మంచి ముహూర్తమైతే మీ చుట్టానికి అదే రోజు మూడు పెళ్లిళ్లుంటాయి, మూడు చోట్లా అక్షింతలు వేస్తాడు కానీ భోజనం ఒక్కచోటే చేస్తాడు. పనిరోజు పొద్దున ముహూర్తమైతే ఆఫీసువాళ్లు సాయంత్రం రిసెప్షన్‌కే వస్తారు. అర్ధరాత్రి ముహూర్తమైతే దాదాపు అందరూ తొమ్మిదిన్నరలోపు తినేసి వెళ్లిపోతారు. అందుకే పూటకి ఇంతమంది అని విడివిడిగా లెక్కెయ్యాలి, అదీ వాట్సాప్‌లో కాకుండా ఫోన్ చేసి అడిగి. దగ్గరివాళ్లని ఎంతమంది వస్తారని అడగడం మర్యాద కాదని మనకో బెరుకు. "రూములు బుక్ చెయ్యాలి పిన్నీ, ఎంతమందొస్తున్నారు, ఏ పూటకి దిగుతారు?" అనండి, ఎవరూ ఏమీ అనుకోరు, లెక్కా వచ్చేస్తుంది.

ఇక వంట. బియ్యం మొత్తం ఒకేసారి ఎసట్లో పోయనివ్వకండి. మా వంటమేస్త్రి కిలో బియ్యం పదిమందికి లెక్కేస్తాడు, అంటే 600 మందికి 60 కిలోలు. మేం ముందు 40 వండించి, మిగతా 20 బస్తాలోనే ఉంచి, పక్క పొయ్యి మీద ఎసరు మాత్రం మరుగుతూ ఉండేలా చూశాం. అవసరమైతే ముప్పావుగంటలో అన్నం దిగుతుంది. కట్టు విప్పని బస్తాని కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడు, వండిన డేక్సాని ఎవడు తీసుకుంటాడు? తక్కువైతే పరువు పోతుందని పెద్దవాళ్లకి ఒకటే టెన్షన్, దానికి ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి పక్కన పెట్టుకోండి. కూర అయిపోయినా వేడన్నంలోకి అవి వేస్తే మనవాళ్లు నోరెత్తరు!

ఐటమ్స్ తగ్గించమని చెప్పను, చెప్పినా వినరు. సైజు తగ్గించండి. గారెలు, బూరెలు చిన్నవి చేయించి, బిర్యానీ దగ్గర చిన్న గరిటె పెట్టించండి. బంతి భోజనమైతే వడ్డించేవాళ్లకి ముందే చెప్పండి, అడక్కుండా ఆకులో దింపొద్దని. ప్లేట్ల దగ్గర మన మనిషిని ఒకణ్ణి నిలబెట్టండి, ఎన్ని కదిలాయో ప్రతి అరగంటకీ మేస్త్రికి చెబుతుంటే రెండో విడత బియ్యం పొయ్యాలో వద్దో తెలుస్తుంది. బిల్లు దగ్గర గొడవా ఉండదు.

ఇంతా చేసినా మిగులుతుంది. మిగిలిన భోజనం తీసుకెళ్లి ఆకలితో ఉన్నవాళ్లకి పంచే రాబిన్ హుడ్ ఆర్మీ లాంటి వాలంటీర్లతో ముందురోజే మాట్లాడి పెట్టుకోండి, వడ్డన అయిపోయేదాకా ఆగకుండా తొమ్మిదింటికల్లా ఫోన్ కొట్టండి. మిగిలిన భోజనం సేకరించి పంచడానికి ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లోనే నిబంధనలు పెట్టింది, కాబట్టి ఎప్పుడు వండారని వాలంటీర్లడిగితే విసుక్కోకండి. అన్నంతో వచ్చే ఇబ్బంది చాలామందికి తెలీదు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. ఇచ్చేది 60 డిగ్రీల పైన పొగలు కక్కుతూ ఉండాలి. అదీ బఫే కౌంటర్ మీదకి రాని, మూత తియ్యని డేక్సాల్లోది. లడ్డూలు నిశ్చింతగా ఇవ్వొచ్చు. కొబ్బరి పచ్చడి, పెరుగు పచ్చడి, కోసిన సలాడ్ మాత్రం వద్దు.

ఏమీ తోచకపోతే ఆవులకి పెట్టేద్దాం అంటారు చూశారూ, అది చెయ్యకండి. గంపెడు అన్నం ఒక్కసారే తిన్న పశువుకి కడుపులో ఆమ్లం పెరిగి ప్రాణం మీదకొస్తుంది. పుణ్యమని పెడితే రైతు నెత్తిన పడుతుంది. వాటికి పంపాలనుకుంటే పొద్దున కూరగాయలు తరిగినప్పుడు వచ్చిన తొక్కలు, కాడలు పంపండి.