గాలంతో పండుగప్ప, 4వ పాఠం: పెన్న మొగలో పాటు నీళ్ళు

పోయిన పాఠంలో లీడర్ (గాలానికి ముందు కట్టే మందం దారం) ముడి నేర్చుకున్నాం. చీకట్లో, తడిచేతులతో ఆ ముడి మూడుసార్లు తప్పులేకుండా పడుతుంటే ఇది చదవండి. ఇంకా పడకపోతే ఒక వారం ఆగండి, పాఠం ఎక్కడికీ పోదు. ఈసారి బోటెక్కుతున్నాం. పెన్న సముద్రంలో కలిసే చోటు, అంటే మొగ దగ్గర, పోటుకి లోపలికెక్కిన నీళ్ళు పాటుకి తిరిగి సముద్రంలోకి పోయే వేళ పండుగప్ప చేపను పడదాం.

సంక్రాంతి దాటిన రోజులు మంచివి. మన నెల్లూరు జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అవి తగ్గాక పెన్న తెచ్చిన బురద అడుక్కి దిగి, నీళ్ళు తేరుకుంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం, ఆ రోజుల్లో బోటు అడగొద్దు.

పెన్న సముద్రంలో కలిసే ఊటుకూరు వైపు ఫైబర్ బోటు ఒకటి బాడుగకు మాట్లాడుకున్నారనుకుందాం. బోటు నడిపే సరంగుకి "పొద్దున ఆరింటికి రండి" అని చెప్పకండి. "పాటు మొదలయ్యేసరికి మొగలో లంగరు పడాలి మామా" అనండి. బాడుగ గడియారానికి కాదు, నీళ్ళకు మాట్లాడుకోవాలి. పోటు సుమారు 12 గంటల 25 నిమిషాలకొకసారి వస్తుంది కాబట్టి రోజూ 50 నిమిషాల దాకా ఆలస్యమవుతుంది. ఈ రోజు ఆరింటికి నిండితే రేపు ఏడుకు పది నిమిషాల ముందు. గోడ మీది క్యాలెండరులో తిథి కూడా చూడండి. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళ లాగుడు ఎక్కువ, అష్టమి నవములకు మందం. నాకు తదియ, చవితి ఇష్టం. నీళ్ళు బాగా కదులుతాయి, సీసపు గుండు మాత్రం వేసిన చోటే నిలుస్తుంది.

లైఫ్ జాకెట్ బోటు ఎక్కకముందే తొడుక్కోండి. పాటు నీళ్ళు బయటికి పోతుంటే, గాలి సముద్రం మీద నుంచి ఎదురు కొడితే, మొగలో అలలు నిటారుగా లేస్తాయి. అప్పుడు ఇసుకమేట దాటి సముద్రంలోకి పోదామని సరంగుని బలవంతపెట్టొద్దు. మనకు కావలసిన చేప లోపలే ఉంది.

ఇక అసలు సంగతి. పోటు నిండినప్పుడు రొయ్యలు, కొయ్యింగ చేపపిల్లలు మడచెట్ల వేళ్ళలోకి, బురదగట్ల మీదికి ఎక్కి మేస్తాయి. పాటు తీస్తే అవన్నీ కాలువలోకి దిగక తప్పదు. ఇసుకమేట ఎక్కడ తెగి లోతు మొదలవుతుందో ఆ అంచు వెనక, లాగుడు తక్కువగా ఉన్న చోట, పండుగప్ప ఎదురునీటికి మూతిపెట్టి నిలబడుతుంది. వెతుక్కుంటూ తిరగదు, వచ్చేదాని కోసం కాచుకుంటుంది. మనం లంగరు వేయాల్సింది ఆ అంచుకి ఎగువన, ఎర నీటితో కలిసి చేప ముందుకు జారేటట్టు.

పాటు తిరిగిందని బోటే చెబుతుంది. గాలి నెమ్మదిగా ఉంటే, పోటులో బోటు మూతి సముద్రం వైపు ఉంటుంది. కాసేపు అటూ ఇటూ ఊగి, పడమరకు, నది వైపుకు తిరిగి తాడు బిగుసుకుంటుంది. ఆ బిగువు కనపడ్డాక ఎర వేయండి. తర్వాతి రెండు గంటలు టిఫిన్ డబ్బా తెరవకండి.

బతికిన రొయ్యను ఎడమచేతిలో వదులుగా పట్టుకోండి. తలలో, కొమ్ము కింద, ఒక నల్లటి మచ్చ కనిపిస్తుంది. గాలపు మొన దానికి తగలకుండా, మచ్చకు ముందుగా, కొమ్ము మొదట్లో అడ్డంగా గుచ్చాలి. మచ్చకు తగిలితే రొయ్య అప్పుడే చస్తుంది. సరిగ్గా గుచ్చితే చాలాసేపు కాళ్ళాడిస్తూనే ఉంటుంది. గాలం 4/0 సైజు సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగిన గుండ్రటి గాలం), లీడర్ 0.8 మిల్లీమీటర్లు. సన్నం తంగూసు (నైలాన్ దారం) వద్దు. పండుగప్ప మొప్పమూత అంచు కత్తిలాగా ఉంటుంది, దారాన్నీ కోస్తుంది, వేళ్ళనూ కోస్తుంది.

చేప నోరు ఠప్పున తెరిచి నీళ్ళతో సహా రొయ్యను పీల్చేస్తుంది. రాడ్ కొనలో ఒక దెబ్బ తెలుస్తుంది. నా మొదటి ఏడాది ఆ దెబ్బకే రాడ్ ఎగరేసి లాగాను. ఖాళీ గాలం వచ్చింది. సరంగు మామ వెనక నుంచి, "లాగబాక అబ్బయా, దాన్ని తిరగనీ" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. సర్కిల్ హుక్కు చేప తిరిగి పోతుంటే దానంతటదే నోటి మూలలో దిగుతుంది. మీ పని రీలు నిదానంగా చుట్టడమే. అది నీళ్ళపైకి ఎగిరి తల విదిలించేటప్పుడు రాడ్ కొన కిందికి దించండి, దారం మాత్రం వదులు కానివ్వకండి.

పండుగప్ప మగచేపగా పెరిగి, కొన్నేళ్ళకు ఆడచేపగా మారుతుంది. కాబట్టి మీటరు దాటిన చేప దొరికితే అది దాదాపు ఎప్పుడూ ఆడదే, ఒక్క విడతకు లక్షల గుడ్లు పెట్టే తల్లి. నా బోటులో దాన్ని వదిలేస్తాం. తడిచేతులతో పొట్ట కింద ఆనించి, అడ్డంగా పట్టుకుని, ఎదురునీటికి మూతిపెట్టి, తోక తనంతట ఆడించేదాకా ఉంచండి. పులుసుకి రెండు కిలోల చేప చాలు.

వచ్చే పాఠానికి ముందు రెండు పనులు. ఇంట్లో రీలు దారాన్ని కొక్కెం త్రాసుకి కట్టి లాగండి, 3 కిలోల దగ్గర జారేటట్టు బిగువు సరిచేయండి. తర్వాత ఒక రోజు రాడ్ లేకుండా మొగ గట్టున కూర్చుని, నురుగు సముద్రం వైపు మళ్ళిన సమయం, ఇసుకమేట మొదట బయటపడిన చోటు నోటుబుక్కులో రాసుకోండి. 5వ పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడతాం.