లంచం అడిగిన సర్వేయర్‌ని కోర్టు దాకా తీసుకెళ్లడం ఎలా

పొలం హద్దులు కొలవమని చలానా కట్టి నెలలు గడుస్తాయి. సర్వేయర్ రాడు, ఫోన్ చేస్తే "చూద్దాం లెండి" అంటాడు, చివరికి ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర పదివేలో పదిహేనువేలో అవుతుందని చెప్తాడు. ఇది ఎంత మామూలైపోయిందంటే ఇవ్వనివాడిదే తప్పన్నట్టు ఇంట్లోవాళ్లే మాట్లాడతారు. ఇవ్వకండి, కేసు పెట్టండి. కానీ ఒక్క విషయం మొదటి నుంచీ గుర్తుంచుకుని పెట్టండి: అతని జేబులో మీ నోట్లు దొరికినంత మాత్రాన శిక్ష పడదు, అతనే నోరు తెరిచి అడిగాడని రుజువు కావాలి.

కర్నూలులో 1996లో ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ గుర్తింపు రెన్యువల్ కోసం లంచం అడిగిన అధికారిని ట్రాప్‌లో (గుర్తుపెట్టిన నోట్లు ఇప్పించి పట్టుకునే వలలో) పట్టుకున్నారు. విచారణ నాటికి ఫిర్యాదుదారు చనిపోయాడు, అడిగినట్టు చెప్పేవాళ్లు లేకపోయారు. డబ్బు దొరికినా సరే, 2015లో సుప్రీంకోర్టు ఆ అధికారిని నిర్దోషిగా వదిలేసింది. 2022 డిసెంబరులో ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం కొంత దారి తెరిచింది. ఫిర్యాదుదారు చనిపోయినా, కోర్టులో మాట మార్చి ఎదురు తిరిగినా, మిగతా సాక్షుల ద్వారా, పరిస్థితుల ద్వారా డిమాండ్‌ని రుజువు చేయొచ్చని చెప్పింది. రుజువు అక్కర్లేదని మాత్రం అనలేదు.

అందుకే అడిగిన రోజే పని మొదలవ్వాలి. గొడవ పడకండి, బేరం మరీ సాగదీయకండి, "ఇప్పుడు లేవు సార్, రెండ్రోజులు టైమివ్వండి" అని వచ్చేసి, ఇంటికెళ్లగానే తేదీ, చోటు, పక్కన ఎవరున్నారు, అతను అన్న మాటలు అన్నవి అన్నట్టే రాసిపెట్టుకోండి. దరఖాస్తు నంబరు, చలానా రసీదు ఒక కవర్లో పెట్టండి. కాల్ రికార్డు అయి ఉంటే ఆ ఫోన్ అలాగే దాచండి, ముక్కలు కత్తిరించి బంధువులకు వాట్సాప్‌లో పంపకండి, అది ఊరంతా తిరిగి అతని చెవిన పడితే మళ్లీ మీ ముందు నోరు తెరవడు.

తర్వాత ఏసీబీ, అంటే అవినీతి నిరోధక శాఖ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ టోల్‌ఫ్రీ నంబరు 1064. మీ జిల్లా చూసే ఏసీబీ డీఎస్పీని నేరుగా కలిసినా సరిపోతుంది. తపాలా, రైల్వే లాంటి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే సీబీఐకి వెళ్లండి. ఫోన్లో చెప్పి వదిలేస్తే ట్రాప్ జరగదు, సంతకం పెట్టి రాతపూర్వకంగా ఇవ్వాలి. అందులో మీ పని ఏంటి, అతని దగ్గర ఎందుకు ఆగింది, ఎప్పుడెప్పుడు ఎంత అడిగాడు, మీకు ఇవ్వడం ఇష్టం లేదు అన్నవి స్పష్టంగా ఉండాలి. అతనితో మీకు పాత గొడవో, చేబదులు లెక్కలో ఉంటే దాచకుండా మీరే చెప్పేయండి, రేపు కోర్టులో అతని లాయరు మొదట తవ్వేది అదే: "అది అప్పు తీర్చిన డబ్బు". మీ ఫిర్యాదు నిజమో కాదో వాళ్లు గుట్టుగా కనుక్కుంటారు, దానికి నొచ్చుకోకండి.

భయపడి ఇప్పటికే ఇచ్చేశారా? బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లోపు పోలీసులకో ఏసీబీకో చెప్తే నేరం కాదని 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం 8వ సెక్షన్ చెప్తోంది. ముందే ఏసీబీకి చెప్పి ట్రాప్‌లో ఇచ్చే డబ్బుకూ మీ మీద కేసు రాదు.

ట్రాప్ రోజు మీరు తెచ్చిన నోట్ల నంబర్లు రాసుకుంటారు, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. మధ్యవర్తులుగా, అంటే సాక్షులుగా, వేరే శాఖల ప్రభుత్వ ఉద్యోగులు ఉంటారు. సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో వేళ్లు ముంచితే, ఆ నోట్లు ముట్టుకున్న చేతికి నీళ్లు గులాబీ రంగుకి తిరుగుతాయి. బయల్దేరే ముందే మీకు చేసి చూపిస్తారు, పట్టుకున్నాక అతని రెండు చేతులకీ విడివిడిగా చేసి ఆ నీళ్లని సీసాల్లో సీలు వేస్తారు. లోపలికెళ్లాక అతనికి షేక్‌హ్యాండ్ ఇవ్వకండి, ఆ పొడి మీ చేతి నుంచే అంటిందని వాదిస్తారు. ముఖ్యంగా, మీ అంతట మీరు తీసి ఇవ్వొద్దు, సొరుగులో పెట్టొద్దు. "నా పని ఏమైంది సార్" అని అడిగి ఆగండి, అతన్నే అడగనివ్వండి, మీతో పంపిన సాక్షి చెవిన ఆ మాట పడాలి. అతను తీసుకున్నాక ముందే అనుకున్న సైగ చేసి పక్కకి వచ్చేయండి. "వాడికివ్వు" అని ప్రైవేటు అసిస్టెంటుని చూపిస్తే, ఆ చూపించిన మాట కూడా సాక్ష్యమే, ఆ అసిస్టెంటు మీదా అదే చట్టం 7ఏ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు.

రిమాండ్‌కి పంపి 48 గంటలు దాటితే సర్వీసు రూల్స్ ప్రకారం సస్పెన్షన్ వచ్చేస్తుంది. జనం అక్కడితో కథ అయిపోయిందనుకుంటారు. కానీ ఛార్జిషీటు మీద కోర్టు ముందుకెళ్లాలంటే 19వ సెక్షన్ కింద ప్రభుత్వం ప్రాసిక్యూషన్‌కి అనుమతివ్వాలి. చట్టం దానికి మూడు నెలలు ఇచ్చింది, అవసరమైతే ఇంకో నెల. ఫైలు ఎక్కడుందో దర్యాప్తు అధికారిని అడుగుతూ ఉండండి, అడిగేవాళ్లుంటేనే ఆ ఫైలు కదులుతుంది. ఆగిపోయిన మీ సర్వే సంగతి కూడా ఆయనకే రాసిచ్చి, ఒక కాపీ కలెక్టర్‌కి ఇవ్వండి.

విచారణ ఏసీబీ ప్రత్యేక కోర్టులో, అంటే నాంపల్లి, కరీంనగర్, విజయవాడ, విశాఖ, ఇలా మీ జిల్లా దేని కిందకొస్తే అక్కడ. రెండేళ్లలో ముగించే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉన్నా సమన్లు బాగా ఆలస్యంగా వస్తాయి. ఈలోపు కులపెద్దలూ, అతని తోటి ఉద్యోగులూ ఇంటికొస్తారు, "పిల్లలున్నవాడు, వదిలెయ్" అంటారు. వదలకండి. ఎవరైనా బెదిరిస్తే, డబ్బు ఆశ చూపితే అదే రోజు డీఎస్పీకి రాసివ్వండి. ఫిర్యాదు కాపీ, మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలం ముందురోజు పబ్లిక్ ప్రాసిక్యూటర్ దగ్గర కూర్చుని చదువుకుని బోనెక్కండి. గుర్తులేనిది గుర్తులేదనే చెప్పండి, అడిగిన మాట మాత్రం ఆ రోజు రాసుకున్నట్టే చెప్పండి. అది నిలబడితే 7వ సెక్షన్ కింద తక్కువలో తక్కువ మూడేళ్లు, ఎక్కువలో ఏడేళ్లు జైలు, పైన జరిమానా.